కొప్పు మీద ఎముక

ఎదెల్మీర ఒయార్సో ఇంటి కొప్పుకి గొర్రె ఎముక కట్టింది ఎవరో పిల్కోమా రేవులో ఇంతవరకూ తేలలేదు. తాగినోళ్ళ పని అని కొందరంటారు. సముద్రపు గద్ద ఎత్తుకొచ్చి పడేసిందని చర్చిలో గంట కొట్టే ఆయన అన్నాడు గానీ, గద్దకి ముడి వెయ్యడం ఎవరు నేర్పారని అడిగేసరికి గంట కొట్టే వేళయిందని లేచిపోయాడు. ఎక్కువమంది మాత్రం అది వడ్రంగి బెలర్మీనో గ్వెనూల్ పనే అంటారు. కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. చూడకుండానే ఒట్టు పెట్టేవాళ్ళు మాత్రం రేవు నిండా ఉన్నారు.

కొప్పుకి ఎముక కట్టడమంటే మామూలు అవమానం కాదు. కొత్త ఇంటికి వాసాలు ఎత్తాక ఇంటివాళ్ళు వడ్రంగులకి గొర్రెని కాల్చి విందు పెట్టాలి, కొప్పు మీద దేశం జెండా ఎగరెయ్యాలి. పెట్టని పిసినారి ఇంటికి జెండా బదులు నాకి పారేసిన ఎముక కడతారు. అది గాలికి టకటకా కొట్టుకుంటుంటే పడవల్లో పోయేవాళ్ళు తెడ్లు ఆపి మరీ నవ్వుతారు. ఆ ఇంటి కోళ్ళు కూడా ఏడాది దాకా తలెత్తుకు తిరగవు.

బెలర్మీనోకి ఈ సంగతులన్నీ కంఠతా వచ్చు. రానిదల్లా విందే. అతనిది మరమ్మతు పని. చూరు కారితే బెలర్మీనో, తలుపు నేలకి ఈడ్చుకుంటే బెలర్మీనో, కోడలొచ్చింది గది పెంచాలంటే బెలర్మీనో. కొత్త ఇల్లు అనగానే మాత్రం అందరూ అవతలి ఒడ్డున పడవలు కట్టే అన్నదమ్ముల ముఠాకి కబురు పెడతారు. వాళ్ళొచ్చి వాసాలెత్తి, గొర్రె తిని, ఆపిల్ సారా తాగి, పాటలు పాడి పోతారు. ఆ తర్వాత మొదటి వానకే ఇల్లు కారుతుంది. అప్పుడు బెలర్మీనో.

పనికి పిలిస్తే ముందు పొయ్యి పక్కన కూర్చుని మాతె ఆకు కషాయం తాగుతాడు. తర్వాత లేచి గోడగోడకీ చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టుకుంటూ ఇల్లంతా తిరుగుతాడు. చచ్చిన చెక్కని ముక్కుతోనే పట్టేస్తాడు. పురుగులు నమిలే చప్పుడు విని అది ఆడ పురుగో మగ పురుగో చెప్పేస్తాడని అతని చేత వంటిల్లు బాగుచేయించుకున్న ప్రతి ఆడమనిషీ చెబుతుంది. చివరికి గెడ్డం గోక్కుని, "చిన్న పనే," అంటాడు. ఆ మాట వింటే ఇంటివాళ్ళకి గుండె జారుతుంది. ఆ చిన్న పని మొదలైనప్పుడు ఉయ్యాల్లో ఉన్న పిల్ల, అది అయ్యేసరికి బడికి పోయి అచ్చులు నేర్చుకుంటూ ఉంటుంది.

ఊళ్ళో ఎవరి కొప్పు విందుకైనా అతనికి పిలుపుండేది. ఒక మూల కూర్చుని పక్కటెముక చీకుతూ ముఠావాళ్ళ పాటకి తల ఊపేవాడు. "మేస్త్రీ, నీ విందు ఎప్పుడూ?" అని ఎవడో ఒకడు అననే అనేవాడు. "వస్తుందిలే," అనేవాడు అతను. పెళ్ళయిన కొత్తలో భార్య ఒతీలియా ఆ విందు కోసమనే ఒక జెండా కుట్టింది. నీలం మీద తెల్ల నక్షత్రం కుట్టేటప్పుడు దీపం సరిగ్గా లేదో, పక్కన మొగుడు నవ్వించాడో గానీ, నక్షత్రం ఒక పక్కకి ఒరిగిపోయింది. "ఒరిగితే ఒరిగింది, మీ మొదటి కొప్పు మీద ఇదే ఎగరాలి," అంది. ఒతీలియా పోయి చాలా వానలు కురిశాయి. జెండా మాత్రం పెట్టె అడుగున పొగాకు మధ్య మడతపెట్టి ఉంది. ఇప్పుడు బెలర్మీనో మోకాళ్ళు వాన రాక ముందే వార్త చెబుతున్నాయి. ఈ ఏడాదితో నిచ్చెన ఎక్కడం ఆపేస్తానని కొట్టు రోసమేల్‌తో అననే అన్నాడు.

అలాంటి సమయంలో ఎదెల్మీర ఇంటి కప్పు కారింది.

ఎదెల్మీర ఇల్లంటే రేవులో అందరికీ గౌరవం. ఆవిడ తాత ఒనోఫ్రే ఎదురు దీవిలో ఉన్న ఇంటిని ఎడ్లతో ఒడ్డు దాకా లాగించి, పోటు మీద నీళ్ళలోకి తోయించి, పడవలకి కట్టి ఇక్కడికి తెచ్చాడు. సముద్రం మధ్యలో ఆవిడ నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు వలుస్తూనే ఉందట. పొయ్యి కూడా ఆరలేదట. పొగ చూసి స్టీమరు వస్తోందని అక్కడి చేపలన్నీ పారిపోయాయట. ఒయార్సోల్లో ఇప్పుడు మిగిలింది ఎదెల్మీర ఒక్కతే. పెళ్ళి చేసుకోలేదు, గొర్రెల్ని పెంచింది, ఉన్ని వడికి రంగులద్దింది, నాలుకకి పదును పెట్టుకుంది. ఎవరు గుమ్మం ఎక్కినా, "ఇది మా తాత సముద్రం దాటించిన ఇల్లు," అని చెప్పాకే కూర్చోమంటుంది.

ఆ ఇంటికి బెలర్మీనో చేసిన చిన్న పనులు లెక్కలేనన్ని. ముందు వంటింటి నేల పుచ్చింది, మార్చాడు. తర్వాత ఉత్తరం గోడ, ఎందుకంటే వాన ఉత్తరం నుంచే కొడుతుంది. తర్వాత కిటికీలు. కప్పుని మోసే నిట్టాళ్ళు ఒక్కొక్కటే తీసి కొత్తవి నిలబెట్టాడు. గోడలకీ కప్పుకీ చెక్క పెంకులన్నీ మార్చాడు. మారుస్తూ మారుస్తూ తన జుట్టు కూడా తెల్లగా మార్చుకున్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బురదలో ఆల్చిప్పలు ఏరినవాళ్ళే. చర్చి దగ్గరైతే "నువ్వు" అనుకుంటారు. అతను సుత్తి పట్టుకుని గుమ్మం ఎక్కితే మాత్రం ఇద్దరూ "మీరు" లోకి దిగుతారు. ఆవిడ "దోన్యా", అంటే దొరసాని, అయిపోతుంది, అతను మేస్త్రీ అయిపోతాడు.

ఆ రోజు కప్పు మీదికి ఎక్కినవాడు చాలాసేపు దిగలేదు. దిగాక మాతె కూడా అడగలేదు.

"కుళ్ళిపోయింది," అన్నాడు. "పొయ్యి గది మీద వాసాల జత. వేలు పెడితే వేలు దిగిపోయింది. పాలలో నానిన రొట్టె నయం."

"అయితే మార్చండి."

"మారుస్తా. కాకపోతే దీనికి మీరు విందు పెట్టాలి."

"దేనికీ?"

"వాసాల విందు. గొర్రె, సారా, కొప్పు మీద జెండా."

ఎదెల్మీర కదురు పక్కన పెట్టింది. "మేస్త్రీ, పైన తలకేమన్నా తగిలిందా? ఇది మరమ్మతు. మరమ్మతుకి విందేంటి? రేపు నా బూటు చిరిగితే కుట్టేవాడికి పెళ్ళి భోజనం పెట్టాలా?"

"మీరే చూడండి దోన్యా. నేల నేనేసింది. గోడలు నావి. కిటికీలు, నిట్టాళ్ళు, పెంకులు, అన్నీ నా చేతివే. పాతదల్లా ఈ ఒక్క జతే. అదీ తీశామంటే ఇది కొత్త ఇల్లా కాదా? నేను లేపిన ఇల్లా కాదా?"

"ఇది మా తాత ఇల్లు!"

"మీ తాతది ఇందులో ఇంకేం మిగిలిందమ్మా?"

ఆ మాట నోరు దాటగానే వెనక్కి మింగేద్దామనుకున్నాడు బెలర్మీనో. కానీ మాట వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. ఎదెల్మీర మొహం పొయ్యి ఆరిన గదిలా అయిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. లేచి తలుపు తీసి పట్టుకుంది. ఆ తలుపు కూడా అతను చేసిందే. చిత్రిక పట్టి నునుపు చేసిన తలుపు, చప్పుడు లేకుండా అతని వెనకే మూసుకుంది.

తిట్లు ఆదివారం పడ్డాయి. చర్చి బయట అందరూ వినేలా, "ఆ గ్వెనూల్‌కి గొర్రె కాదు కదా, గొర్రె మేసిన గడ్డి కూడా పెట్టను! మా తాత సముద్రం మీద ఇల్లు నడిపినప్పుడు ఈయన తాత ఒడ్డున నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు!" అంది.

అంతే, రేవు రెండు ముక్కలైంది. మొగుడూ పెళ్ళాలు వేరు వేరు కుండల్లో వండుకున్నారు. వాసాలు మారితే ఇల్లు కొత్తదేనని ఒకరు, ఎన్ని పళ్ళు కట్టించుకున్నా మనిషి పాతవాడేనని ఇంకొకరు. ఫాదరుగారిని అడిగితే ఆయన దగ్గు తెచ్చుకుని లోపలికెళ్ళాడు.

బెలర్మీనో రోసమేల్ కొట్టులో ఉప్పు మూట మీద కూర్చుని కదల్లేదు. ఎవరింటికీ పనికి పోలేదు.

"బావా, గొర్రె మీద అంత మోజైతే నేను కోయిస్తా. తిని పనికి పో," అన్నాడు రోసమేల్. "నా గుమ్మానికి గడియ ఊడి అందరూ లోపలికొచ్చేస్తున్నారు."

"కొట్టుకి అందరూ రావాలి కదరా."

"డబ్బులున్నవాళ్ళే రావాలి."

బెలర్మీనో నవ్వలేదు. "మాంసం గొడవ కాదు రోసమేల్. పైన ఒతీలియా జెండా ఎగరాలి. కింద ఎవడో ఒకడు చూసి, ఇది బెలర్మీనో లేపిన ఇల్లు అనాలి. ఒక్కసారి. తర్వాత నిచ్చెన నువ్వే తీసుకో, కోళ్ళగూటికి పనికొస్తుంది."

"ఆ మాట నేనంటా. బెలర్మీనో లేపిన ఇల్లు! అయిపోయింది. ఇంక ఉప్పు మూట మీంచి లే."

లేవలేదు. బయట వాన కూడా ఆగలేదు. ఎదెల్మీర ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదికి దిగాయి. గిన్నెలయ్యాక బాల్చీలు, బాల్చీలయ్యాక బూట్లు. మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి లాగి లాగి చివరికి ఆవిడ గొడుగు కింద పడుకుంటోందని, దిండు పక్కన కప్ప కాపురం పెట్టిందని వార్త. ఆ కప్పకి పేరు కూడా పెట్టిందన్నారు. పేరు బెలర్మీనో.

తట్టుకోలేక అవతలి ఒడ్డు ముఠాకి కబురంపింది. వాళ్ళు వచ్చి ఇంట్లో అడుగు పెట్టకుండానే, "అమ్మా, దీన్ని బాగుచెయ్యడం దండగ. పడగొట్టేసి కొత్తది కడతాం," అన్నారు.

"పైన మా తాత గొడ్డలి గుర్తులున్నాయి," అంది ఎదెల్మీర.

"పాత చెక్క కదా, పొయ్యిలో బాగా మండుతుంది," అన్నాడు వాళ్ళలో చిన్నవాడు.

పొయ్యి ఊచ పట్టుకుని పడవ దాకా తరిమింది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మరీ తరిమింది. ఆ ముఠా తిరుగు ప్రయాణంలో తెరచాప ఎత్తలేదట, భయంతో వచ్చిన ఊపిరికే పడవ పోయిందట.

ఈ సంగతి చెప్పి కొట్టులో అందరూ పడీ పడీ నవ్వారు. బెలర్మీనో మాత్రం చేతిలో ఉన్న మాతె గ్లాసు కింద పెట్టేశాడు. పడగొట్టడం! తన వయసంతా పెట్టి ఒక్కో చెక్క మార్చింది ఆ ఇల్లు పడకూడదనే కదా. పడగొట్టమని ఒక్కసారీ అనని మనిషి, ఆవిడ మొహం మీద తాత గురించి ఆ ఒక్క మాట ఎలా అన్నాడు? ఉప్పు మూట మీంచి లేచి వానలోనే ఎదెల్మీర దడి దాకా వెళ్ళాడు. కిటికీ తెర కదిలింది. లోపల ఆవిడ ఉంది. పిలుస్తుందేమోనని అతను చూశాడు. అడుగుతాడేమోనని ఆవిడ చూసింది. చివరికి కుక్క ఒక్కటే మొరిగింది. అతను వెనక్కి తిరిగాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున కొప్పు మీద ఎముక కనబడింది.

ముందు పాలు తెచ్చే ఆవిడ చూసింది. ఆ పాలు పొంగక ముందే రేవంతా దడి బయట ఉంది. తెల్లటి తొడ ఎముక, గాలికి పెంకుల మీద టక్, టక్ మని కొడుతోంది. ఎదెల్మీర వాకిట్లో నిలబడి అరుస్తోంది. ఆ అరుపులకి రేవులో కట్టిన పడవలు వాటంతటవే తాళ్ళు తెంపుకోబోయాయి.

"చూశారా! ఒయార్సోల కొప్పుకి ఎముక! ఇంక నేను విందు పెట్టకపోతే బతకనిస్తారా? అన్నం తిననిస్తారా? నా మెడ మీద కత్తి పెట్టి మరీ విందు పెట్టిస్తున్నారు! అందరూ వినండి, నా అంతట నేను పెట్టట్లేదు!"

అందరి చూపూ బెలర్మీనో మీదికి తిరిగింది. "అబ్బో, మేస్త్రీ, మోకాళ్ళు నొప్పులన్నావే," అన్నాడు రోసమేల్.

బెలర్మీనో దడి దాటి లోపలికొచ్చాడు. నిచ్చెన ఆనించాడు. ఒక్కో మెట్టుకీ ఒక్కో పునీతుడి పేరు తలుచుకుంటూ ఎక్కాడు. నిచ్చెన కింద బురదలో అప్పటికే ఎవరివో అడుగులున్నాయి. చిన్న రబ్బరు బూట్ల అడుగులు, మడమ దగ్గర లోతుగా దిగినవి. ఎవరూ వాటిని చూడలేదు, అందరూ పైకి చూస్తున్నారు. పైకి చేరి ఎముక పట్టుకున్నాడు. ముడి చూశాడు. బూడిద రంగులోకి తిరిగిన నీలం ఉన్ని దారం. రేవులో ఆ రంగు ఒక్కరికే కుదురుతుంది. ఏ బెరడు కలుపుతుందో ఎంత బతిమాలినా చెప్పదు. ఆ దారం కోసం దూరం నుంచి పడవ కట్టుకొచ్చి అడిగినా అమ్మదు.

కిందికి చూశాడు. ఎదెల్మీర కోళ్ళకేసి చూస్తోంది. ఆ కోళ్ళలో ఇంత విశేషం ఏముందో కోళ్ళకే అర్థం కాలేదు.

దారం విప్పి జేబులో పెట్టుకుని, ఎముకని సముద్రం వైపు విసిరాడు. దిగాడు. జనం ఇళ్ళకి పోయేదాకా పెంకులు సర్దుతున్నట్టు నటించి, అప్పుడు గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఎవరు కట్టారో గానీ ముడి గట్టిగా కట్టారు దోన్యా."

"మీలాంటివాళ్ళే ఎవరో."

"నాలాంటివాళ్ళం మేకు కొడతాం. ఇంత ముచ్చటైన ముడి వెయ్యం."

"ముడి బాగుందా?" అంది ఆవిడ ఇంకా కోళ్ళకేసే చూస్తూ.

"తియ్యబుద్ధి కాలేదు." బెలర్మీనో టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు. "తాత సంగతి నేనలా అనకూడదు ఎదెల్మీరా. నోరు జారింది."

పని మీద ఉండగా అతను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆవిడ తిరిగి చూసింది.

"అన్నావు గానీ అబద్ధం అనలేదుగా," అంది మెల్లగా. "పోయిన వారం నిద్ర పట్టక చూశాను. ఎటు చూసినా నీ రంపం గుర్తులే. తాతవి ఆ రెండు వాసాలే. అవీ పోతే నేనెవరి ఇంట్లో ఉంటున్నట్టు?"

బెలర్మీనో ఆవిడ వెనకే పొయ్యి గదిలోకి వెళ్ళి పైకి చూశాడు. నల్లగా పొగచూరిన ఆ జత మీద, పై సగం పుచ్చిపోయినా, కింది వైపు గొడ్డలి దెబ్బలు వరసగా మెరుస్తున్నాయి. కుర్చీ ఎక్కి వేలి కణుపుతో తట్టాడు. ఒకచోట చెక్క గట్టిగా పలికింది.

"ఈ చివర బతికే ఉంది," అన్నాడు. "పై నుంచి దించుతా. పొయ్యి పక్కన బల్ల చేస్తా. తాతని వానలో నిలబెట్టింది చాలు, వెచ్చగా కూర్చోనీ."

ఎదెల్మీర ఒకసారి ముక్కు ఎగబీల్చింది. "చిన్న పనేనా?"

"చిన్న పనే."

"అయ్యో దేవుడా," అంది. అని కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

ఎందుకో గానీ ఆ చిన్న పని నిజంగానే చిన్నగా అయిపోయింది. కొత్త వాసాలు లేచాయి. సెప్టెంబరు పద్దెనిమిది దేశం పండగ. ఆ రోజు ఎలాగూ ప్రతి ఇంటి మీదా జెండా ఎగరాల్సిందే, ప్రతి వాకిట్లోనూ మాంసం కాలాల్సిందే. ఎదెల్మీర సరిగ్గా ఆ రోజే విందు పెట్టింది. "ఇది దేశం కోసం," అని వచ్చినవాళ్ళందరికీ గుమ్మంలోనే చెప్పింది. కోసిన పొట్టేలు ఆవిడకన్నా నాలుగేళ్ళు పెద్దదని, దాన్ని నమలడానికి పక్క రేవు నుంచి పళ్ళు అరువు తెచ్చుకున్నారని అంటారు. బంగాళాదుంప రొట్టెలు కొండలా పోశారు. సారా పీపాలు దొర్లాయి. ముఠా అన్నదమ్ముల్ని కూడా పిలిచింది. చిన్నవాడు పొయ్యి ఊచ ఎక్కడుందో చూసుకుని, దానికి దూరంగా కూర్చున్నాడు.

కొప్పు మీద జెండా ఎగిరింది. ఆ రోజు రేవులో ఎగిరిన జెండాలన్నింట్లో నక్షత్రం తిన్నగా ఉంది. ఎదెల్మీర కొప్పు మీది దాంట్లో మాత్రం ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒతీలియా చెయ్యి తెలిసిన ఆడవాళ్ళు అది చూసి ఉన్నట్టుండి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు.

రోసమేల్ గ్లాసు ఎత్తి, గొంతు సవరించుకున్నాడు. అతని కన్నా ముందే ఎదెల్మీర లేచింది. "కిందున్న బల్ల మా తాతది," అంది. "పైనున్నదంతా బెలర్మీనో లేపిన ఇల్లు. ఇంక తినండి, చల్లారిపోతోంది."

బెలర్మీనో అప్పుడు కాలుతున్న మాంసం మీదికి వంగి ఉన్నాడు. అంతసేపు ఎందుకు వంగి ఉన్నాడో, లేచేసరికి కళ్ళు ఎందుకంత ఎర్రగా ఉన్నాయో ఎవరూ అడగలేదు. ఆ బల్ల మీద ఎదెల్మీర ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వదు. ఫాదరుగారు బరువెక్కువని ఆయన్నీ లేపేసింది. మాతె తాగడానికి వచ్చే ఒక్క మనిషికి మాత్రం అడ్డు చెప్పదు.

ఈ కథంతా మొన్న రోసమేల్ కొట్టులో చేపలు కొనడానికొచ్చిన పరాయి ఊరివాళ్ళకి రోసమేల్ పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. ఉప్పు మూట మీద కూర్చున్న బెలర్మీనో చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు.

"ఎముక?"

"ఏ ఎముకా? నేను చూడలేదు."

"నువ్వే కదా ఎక్కి తీశావ్, బావా!"

"నా మోకాళ్ళతోనా? నిచ్చెన ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఆవిడతో నాకెప్పుడూ మాటా మాటా రాలేదు. విందు దేశం కోసం పెట్టింది, నాక్కాదు. ఆ జెండా కొట్లో కొన్నదే, నక్షత్రం తిన్నగానే ఉంది, నువ్వు తాగి తల వంచి చూసుంటావ్."

"మరి ఏడవడం?"

"పొగ."

"సరే, సుత్తి పిడికి ఆ నీలం ఉన్ని దారం ఎందుకు చుట్టావో అది చెప్పు."

బెలర్మీనో పక్కనున్న సుత్తి తీసి నడుముకి దోపుకున్నాడు. పైన చొక్కా కప్పేశాడు.

"ఏ దారం?" అన్నాడు.